మైనస్ రెండు

బెళ్ళందూరులో ఒక అపార్ట్‌మెంటు కింద
మైనస్ రెండో అంతస్తు.
సంపు మూత తీసి ఉంది.
ట్యాంకరు పైన ర్యాంపు దగ్గరే ఆగిపోయింది,
పైపు కిందిదాకా దిగింది,
సిగ్నలు దిగలేదు.

ఫ్లాటువాళ్ళ ఓటీపీ కొడితేగానీ
నీళ్ళు వదలనివ్వదు నేను రాసిన పేజీ.
ఓబులేసు చేతిలో అది గిర్రున తిరుగుతోంది.
గానుగెద్దు ఇంతసేపు తిరిగుంటే
చుక్క నూనైనా ఇచ్చేది.

గొప్ప చెప్పుకున్న పేజీయే.
సంసారమంతా సర్వరులో, ఫోను ఒట్టి కిటికీ.
మార్చిలో ట్యాంకరు రేటు పెరిగిన రాత్రి
హెచ్చెస్సార్ లేఅవుట్లో కూర్చుని ఒక్క అంకె మార్చాను.
తెల్లారేసరికి నాలుగొందల బళ్ళకి కొత్త రేటు.
అప్‌డేట్ చేసుకోండి బాబూ అంటూ
గుమ్మం గుమ్మం తిరగలేదు.

తబస్సుమ్‌ది యాప్ పక్షం.
"పనికెళ్ళేవాడికి సద్ది కట్టి పంపాలి గానీ
ముద్దముద్దకీ ఇంటికి రమ్మంటావేంటి?"
"నీ సద్ది పాచిపోతే?"
"నీ వంటింటికి తాళం పడితే?"
తను ఇదివరకు చేసిన పెరుగు యాపు సంగతి ఎత్తుతాను.
జయనగర్లో ఒకావిడ పాత యాపు వదలకుండా
ఆరు నెలలు పాత ధరకే పెరుగు తిన్నది.
తబస్సుమ్ నవ్వేస్తుంది, బోర్డు మీద గళ్ళు మాత్రం చెరపదు.
తేల్చాల్సింది సోమవారం.
అందుకే సంపు దాకా వచ్చాను, చూద్దామని.

పైన సిగ్నలు దగ్గరే అతనికి తన నమూనా ఎక్కించబోయాను.
ఎనభై నాలుగు ఎంబీ.
జాగా లేదంది ఫోను.
"ఏదో ఒకటి తీసెయ్యి ఓబులేసూ."
"యాది తీసేయమంటావు మేడమ్?"
ఆధార్ ఫోటో, ట్రాక్టరు లోను కాయితాలు,
కదిరి నరసింహుడి పాటలు మూడు,
ఒక వీడియో, పదకొండు నిమిషాలది.

అది ఏమిటని అప్పుడు అడగలేదు.
ఇక్కడ, పేజీ తిరుగుతుండగా, తనే నొక్కాడు.
ముదిగుబ్బ పక్కన చేను.
బోరుబండి రొద, తెల్లటి దుమ్ము,
పసుపు పూసిన కేసింగు పైపు.
"ఇంగ ఆపేయండప్పా" అంటున్నారెవరో.
తొమ్మిదో నిమిషంలో బురద కక్కి
మనిషెత్తున లేచాయి నీళ్ళు.
గంగమ్మా అని ఒక ఆడగొంతు.
తీస్తున్నవాడి మీద కూడా పడ్డట్టుంది,
బొమ్మంతా చుక్కలు.

మైనస్ రెండులో, సిగ్నలు లేనిచోట,
ఎక్కడా ఆగకుండా ఆడింది.

"ఇప్పుడెన్ని ఇంచులు పోస్తోంది?" అన్నాను.
అడక్కుండా ఉండాల్సింది.
"ఇప్పుడా? రెండేండ్లాయ మేడమ్ ఎండిపోయి.
దీంట్లో మాత్రం పడతానే ఉంటాది."

వాచ్‌మన్ సిద్ధలింగప్ప మా ఇద్దర్నీ చూసి
చంకలోంచి పొడుగు పుస్తకం తీశాడు,
తాడు కట్టిన పెన్ను.
బండి నంబరు, పన్నెండు వేల లీటర్లు, సంతకం.
పైపు ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంది.

ర్యాంపు ఎక్కుతుంటే
రెండో మలుపులో ఒక గీత వచ్చింది,
గీత వెంటే తబస్సుమ్ ఫోను.
"తేల్చావా?"
"ఎనభై నాలుగుని ఎంతకి దించగలవు?"
"ఎంతకి దించాలి?"
వెనక సంపులో నీళ్ళు పడుతున్న మోత,
గట్టిగా చెప్పాల్సి వచ్చింది.
"పదకొండు నిమిషాల నీళ్ళు పోగా
మిగిలిన చోటులో పట్టాలి."

"ఏ నీళ్ళే?" అంది.