ఒంటి తుమ్ము

దేవరకొండ బస్టాండ్ల ఆరున్నర బండి.
రైట్ అందామని విజిల్ నోట్లె పెట్టుకుంటనే
తుమ్మిన.

డ్రైవర్ జంగయ్య ఇంజన్ బంద్ జేసిండు.
"ఒంటి తుమ్ము, అక్కా. ఇంకోటి రానీ, పోదాం."
జంట తుమ్ములు శుభమంట.
ఇంకోటి వచ్చింది, బండి కదిలింది.
గేటు దాటకముందే మూడోది. మళ్ల ఆగింది.
డిండి చేరేసరికి పదమూడు.
సరి బేసి లెక్కల మీద ఆర్టీసీ నడిచిన పొద్దు అది.

వానలు వెనకపట్టి నెల దాటింది.
రోడ్డుకు రెండు దిక్కుల వయ్యారిభామ.
ఎవరు పెట్టిర్రో ఆ పేరు,
పెట్టినోళ్లకు ముక్కు లేకపోయుండాలె.
జొన్న పేలాల తీరు తెల్లటి పూలు,
అద్దం దించితే పుప్పొడి, ఎక్కిస్తే ఉక్క.
కండ్లల్ల కారం, అంగిట్ల దురద.
టికెట్ మిషన్ మీద రెండు సుక్కలు రాలితే
చిల్లరకు చాపిన చెయ్యి ఒకామె గుంజుకుంది.
"అంటు కాదమ్మా, పువ్వుతోని" అంటే
పువ్వుతోని జబ్బేందని బండంత నవ్విర్రు.

ఆ దినం నుంచి నా బండెక్కినోళ్లంత వైద్యులే.
ఆడోళ్లకు సున్నా టికెట్టు కొడ్త గదా,
బాకీ ఉంచుకోవద్దని గావచ్చు,
మందు చెప్పకుండ ఒక్కరు దిగరు.

తండా స్టేజి కాడ కేస్లీబాయి
ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు మట్టి మీద:
"వాము ఎచ్చజెయ్యి, గుడ్డల మూటగట్టు, వాసన పీల్చు."
జంగయ్య హారన్ కొడ్తనే ఉన్నడు.
"కొట్టుకో. ఎంత వామో చెప్పలే ఇంకా."

పాత సైకిల్ సామాన్లు కొనే యూసుఫ్ మియా
జోషాందా పొట్లం నా సంచిల యేసిండు.
"చేదుంటది బేటీ, ముక్కు మూసుకొని తాగాలె."
మూసుకునే ఉన్నది గదా మియా,
కొత్తగ మూసేదేంది?

తులసి, మిరియాలు, అల్లం:
ఇది చెప్పినోళ్ల లెక్క తప్పింది.
పసుపు కొమ్ము కాల్చి పొగ పీల్చమన్నది
అంగన్వాడీ ఆయమ్మ.
అర్ధరాత్రి పీలిస్తే చిన్నోడు లేచి
బిందెతోని నీళ్లు తెచ్చిండు, ఇల్లు అంటుకున్నదని.

హాజీపూర్ కాడ ఎక్కే చెంచు గురవమ్మ
వారం దినాలు ఏం చెప్పలే.
నా ముక్కు దిక్కు చూసుడు, దిగుడు.
ఎనిమిదో దినం ఒళ్లో పెట్టింది
పాత రవిక గుడ్డ కుట్టి నింపిన దిండు.
ఎండిన వావిలాకు. గలగలంటది.
"తలకింద పెట్టుకో."

చేదు వాసన, కొంచెం మిరియం వాసన.
ఆ రాత్రి నోరు మూసుకొని నిద్రపోయిన,
నెల తర్వాత.

తెల్లారి అడిగిన: ఎక్కడిదవ్వా ఈ ఆకు?
కిటికీలకెళ్లి చెయ్యి చూపెట్టింది.
"గీ వాగొడ్డు పొంటి వావిలి పొదలే ఉండె.
రోడ్డు ఎడల్పు జేసిన్నాడు తోడేసిర్రు.
ఆ జాగల్నే మొలిచింది నీ భామ.
ఇది గుట్టెక్కి తెచ్చిన."

నేను చూసిన.
మోరీ గోడ ఆనవాలు, దాని చుట్టు
పేలాలు, పేలాలు, తెల్లటి పేలాలు.

చలి ముదిరి గడ్డి ఎండినంక
తుమ్ములు సన్నగిల్లినయ్.
"నా వాము పనిజేసిందా?" కేస్లీబాయి.
నీదే పనిజేసింది, అన్న.
"జోషాందా?"
నీదే, మియా.
అల్లం చెప్పినోళ్లందరికి, పేరు పేరున,
నీదే, నీదే.
చిల్లర ఇచ్చినట్టు ఇచ్చిన అందరికి.

గురవమ్మ అడగలే.
దిండు ఒకసారి ఒత్తి చూసింది.
"పొడైంది. ఆకు మార్చాలె, సంచి తే" అన్నది.
ఈసారి ఇంకా పైకి పోవాలెనట.