కాయైతే మోగాల

టవర్‌క్లాక్ దగ్గర సందులో, మెట్లెక్కితే మేడ మీద గది.
గడియారాలు బాగుచేసే అంగడనుకుని
సగం మంది గడప నుంచే దిగిపోతారు.
హుస్సేనప్ప తలెత్తడు.
కెమెరా కడుపు విప్పి పట్టకారుతో
చీమంత మర కోసం వెతుకుతుంటాడు.

"ఫిల్టరు కావాల" అన్నాను.
"దేనికి?"
ఎంతలో అని అడుగుతాడనుకున్నా. దేనికని అడిగాడు.

చెప్పాను.
రాయదుర్గం డిపోలో ముప్పై రెండేండ్లు ఊడ్చిన ఓబుళమ్మకు
రిటైర్మెంటు సభ. రాత్రి.
పందిరి మూలన కండ్లు చెదిరే హాలోజన్ దీపం.
డ్రైవర్లు చందాలేసుకుని కొన్న శాలువా.
అంతకుముందు ఆమెనొక్కదాన్నే నిలబెట్టి
ఫొటో తీసినవాళ్ళు లేరు. నేను తీశాను,
రెండొందల రూపాయల అద్దం తగిలించిన లెన్సుతో.
దీపం పైన ఎడమ మూలనుంటే
దాని దయ్యం కింద కుడిపక్క పుట్టింది,
పచ్చగా, ఆమె బుగ్గ మీద.
"మిణుగురు వాలిందిలే అబ్బీ" అని
పటం కట్టించుకుంది.
తిట్టుంటే ఈ మెట్లెక్కేవాణ్ణి కాదు.

హుస్సేనప్ప సొరుగు లాగాడు. మూడు బిళ్ళలు.
ఒకటి తీసి చెవి దగ్గర ఆడించాడు,
మా నాయన చెనక్కాయ ఆడించి చూసినట్టు.
లోపల కటకట.
"కాయైతే మోగాల. ఇది మోగకూడదు."

రెండోదాన్ని ట్యూబులైటు కింద వాల్చాడు.
లైటు మొత్తం అందులోకి దిగి
తెల్లగా, నిండుగా, సిగ్గులేకుండా పడుకుంది.
"ఇదే నీ మిణుగురు."

మూడోదాంట్లో లైటు ఉండీ లేనట్టు
వంకాయ తొక్క రంగులో ఒక మసక గీత.
కట్టు ఇత్తడిది.
"అల్యూమినియంది మే నెల ఎండకు పట్టేసిందంటే
పట్టుకారు పెట్టినా ఊడి రాదు" అంటూ
తెల్ల కాగితం మీద పెట్టాడు.
కాగితం కాగితంలాగే ఉండింది.
ఎంతసేపు చూసినా.

ధర చెప్పాడు.
ఒక పుట్టెంట్రుకలు, ఒక ఓణీల ఫంక్షను తీస్తే వచ్చేంత.
నోట్లు ఎంచుతుంటే అన్నాడు:
"గాలి లేని పొద్దు ఇదీ తీసేయ్. ఉత్త లెన్సుతో తియ్యి.
దుమ్ము లేసినప్పుడే పెట్టు."
అమ్మేవాడు వద్దని చెప్పడం ఆ మేడ మీదే విన్నాను.

ఆదివారం రాయదుర్గం బస్సెక్కాను.
ఓబుళమ్మ పెట్టెలోంచి శాలువా తీసి కప్పుకుంది.
వాకిట్లో సాయంత్రం ఎండ, గాలికి లేస్తున్న ఎర్రమన్ను.
"ఈతూరి మిణుగురు రాదా?"
"రాదు."
ఆమె మొగం చిన్నబోయిందో, నాకే అట్ల అనిపించిందో.
"అద్దం పెట్టినానంటివే, యాడుంది? కనపడదే" అంటూ
వేలు పెట్టి చూసింది.

చీపురు కట్టకు గీతలరిగిపోయి
రేషను మిషను గుర్తుపట్టని వేలు.
అద్దం మీద మాత్రం మచ్చ పడింది.

చొక్కా కొసతో తుడిచేశాను.
హుస్సేనప్పకు చెప్పొద్దండి.