వేలిముద్ర పడలేదు

ఘాన్సీ బజార్‌ల మా మీసేవకు
రెండు దాటినంక వచ్చేటోడు రెజావుల్.
ముందుగాల తేజాబు వాసనొచ్చేది,
ఎనుక మనిషి.

"దీదీ, ఇంకొక్కసారి చూడుండ్రి."
ఎర్ర లైటు మీద బొటనవేలు.
పడలేదు.
తడిబట్టతోని తుడిపిచ్చిన, కొబ్బరినూనె రాపిచ్చిన,
ఆఖరికి నా చున్నీ కొసకు గూడ రాకిపిచ్చిన.
పదకొండేండ్లు బంగారం కడిగిన నీళ్ళు
పది వేళ్ళ గీతలూ తాగేసినయి.

ఆ వేళ్ళు చుట్టిన గుండ్లే
మా వదిన మెడల నల్లపూసల నడుమ ఉన్నయి.
మిషన్‌కు గదంత ఎందుకు?
"సరిపోలలేదు" అని రాస్తది,
అచ్చ తెలుగుల, ఒక్క తప్పు లేకుంట.

తప్పు నాది.
కొత్త కార్డుకు పేరు చెప్పమంటే
మొండల్ అన్నడు, నోరు గుండ్రంగ చేసి.
నేను మండల్ అని కొట్టిన.
మండలమంటే మాకు ఎమ్మార్వో ఆఫీసాయె,
గా పిలగానికి పలుకుడు రాదనుకున్న.
ముర్షీదాబాద్‌ల వాళ్ళ నాయిన ఓటరు కాగితంల
సున్నా గుండ్రంగనే ఉన్నది.
దిద్దుదామని వచ్చేటోడు, పగటీలి తిండి మానుకొని,
వేలు పడక తిరిగిపోయేటోడు.

లాల్‌దర్వాజ బోనాలైన మూడోనాడు రాత్రి
కార్ఖానా మెట్లెక్కినయి బూట్లు.
పదహారు మందిని గోడకు నిలబెట్టి
నీళ్ళ సీసా చూపిచ్చి అడిగిండ్రట:
దీన్నేమంటవ్?
జోల్ అన్నోణ్ణి కూసోమన్నరు.
పానీ అన్నోణ్ణి వ్యాన్ల ఎక్కమన్నరు.

పానీ!
ఈ పట్నంల పానీ అననోడెవడు?
నల్లా రాని పొద్దు గల్లీ గల్లీ ఏమని మొత్తుకుంటది?
అడిగిన ఆ జవాను
ఎండల డ్యూటీ దిగి ఇంటికి పోయి
పెండ్లాన్ని ఏం తెమ్మంటడు?

నాకు గీ పరీక్ష కొత్త గాదు.
డిగ్రీల మొదటిరోజు నన్ను గూడ అనమన్నరు, నీళ్ళు అని.
నేను నీల్లు అన్న.
బెంచీలన్ని నవ్వినయి.
ఏడాది పాటు నా పేరే నీల్లు.
అంతే. నవ్వి ఇడిసిపెట్టిండ్రు.
పేరు పెట్టిన్రు గని
పొలిమేర దాటియ్యలే.

మళ్ళొచ్చిన ఆదివారం ఫోనొచ్చింది,
ఎన్నడూ చూడని నంబరు.
చీకట్ల నడువుమన్నరట,
ఎనుకకు మర్రి చూస్తే కాలుస్తమన్నరట.
మోకాళ్ళ దాక వాగు,
చెప్పులు బురద గుంజుకున్నది.
అవుతలి ఒడ్డుకాడ ఇంకో బూట్లోళ్ళు
మొఖం మీద లైటేసి, ఎవడివిరా అన్నరట.
"హైదరాబాదోణ్ణి"
అన్నడట.
నోట్లకు అదే వచ్చింది దీదీ, ఎందుకో తెల్వది
అని నవ్విండు. దగ్గో నవ్వో.
బ్యాలెన్సు అయిపోయింది.

పొద్దుగాల్ల ఆ గల్లీని జుబేదా బీ ఊడుస్తది.
ఊడ్చింది పారెయ్యదు, జల్లెడ వడ్తది.
మోరీల బురదను గూడ బకెట్లకెత్తి
ఎండబెట్టి, కాల్చి, పాదరసంల పిసికి
ఇసుకంత పసుపు రంగు పట్టుకుంటది.
కార్ఖానా దుమ్ముకు ముందుగాలే బేరమైతది.
సేట్లు కొట్లాడుకుంటరు దానికోసం.
అండ్ల రెజావుల్ గోరు ముక్కలుంటయి,
ఎంటికలుంటయి, బీడీ నుసి ఉంటది.
ఏ దేశపు దుమ్మని
ఇయ్యాల్టి దాక ఎవ్వరడుగలే.

ఆయన దరఖాస్తు నా కంప్యూటర్ల ఇంక ఉన్నది.
దిద్దేది ఒక్క అక్షరమే.
షట్టర్ దించే ముంగట దినాం తెరుస్త.
మొండల్ అని కొడ్త, నోరు గుండ్రంగ చేసి
నాకు నేనే పలుక్కుంట.
ఎర్ర లైటు ఎలుగుతది.
వేలు పెట్టుమంటది.