సుంకన్న బావి

జమ్మలమడుగు మిషనాసుపత్రిలో
కంటికి కట్టుతో కూర్చోనున్న యోనాతప్ప అయ్యగారు
మందుచీటీ వెనక నాకొక మాట రాసిచ్చినాడు.
మాషాల్.
కుడి నుంచి ఎడమకు మూడే అక్షరాలు,
పొద్దుగూకి గొర్రెలు దొడ్డికి మళ్లినట్టు.

"కతకూ ఇదే మాట పాపా, సామెతకూ ఇదే.
అసలు అర్థం మటుకు పోలిక.
దీని పక్కన దాన్ని పెట్టి చూసేది."

నేను నవ్వితి.
మన సామెతలో ఉండేదీ సామ్యమే కదా అయ్యగారూ,
అంతదూరం ఒంటె మీద పోయి
మళ్లా మన వాకిట్లోనే దిగితిమే అంటి.

ఆయన నవ్వలేదు.
"ఇంకోటుంది. ఎవురన్నా చెడిపోయి
నలుగురి నోట్లో పడితే
వాన్నీ ఈ మాటతోనే పిలుస్తారు.
మనిషే సామెతైపోతాడు."

మా జేజినాయన పేరు సుంకన్న.
ముద్దనూరు కాడ రెండెకరాల గరుసు నేల.
పదకొండేండ్లు ఒకటే బావి తవ్వినాడు.
సుద్ద పడె. నాపరాయి పడె.
జేజి కమ్మలు పాయ, కాడెద్దులు పాయ,
ఆకర్న ఆయప్ప కూడా పాయ.
నీళ్లు పడలా.

పిల్లోడు మూడోసారి పరీక్ష తప్పితే, సుంకన్న బావి.
పింఛనుకు ఆఫీసు చుట్టూ తిరిగితే, సుంకన్న బావి.
పెండ్లిచూపులు చూసి చూసి విసిగినోళ్లూ అదే అంటారు.
బడిలో నన్ను అడిగేవాళ్లు,
"ఏం పాపా, నీళ్లు పన్యాయా?"
నేను బాటిలు బయటికి తీసేదాన్ని కాదు.
దప్పికతోనే ఏడో తరగతి దాటినా.

ఇదంతా చెప్తే
చానాసేపు ఫ్యాను చప్పుడే.
అయ్యగారు చీటీ మళ్లా తీసుకోని
ఆ మూడక్షరాల కింద తడుముతా ఒక గీత గీసినాడు.
"ఏలడం అనేదానికీ ఇవే అక్షరాలు.
రెండూ ఒక వేరువేనని కొందరు, కాదని కొందరు.
నాకు తెలీదు పాపా."

ఆ నెలలోనే గంగిరెడ్డి చేన్లో బోరు వేసిరి.
తొమ్మిదొందల అడుగులు, తెల్లటి దుమ్ము.
లారీతో వచ్చినోడు తిరుచెంగోడు పిల్లోడు,
తెలుగు నాలుగు ముక్కలు రావు.
గొట్టాలు పైకి లాగుతా తల అడ్డంగా ఊపి
"సుంకన్న బావి" అన్య.

ఎవురు నేర్పిరో. ఎన్ని ఊర్లలో అనింటాడో.
రెండెకరాల గట్టు దాటని మనిషి
లారీ ఎక్కి ఎంతదూరం పోయినాడో అని
దుమ్ములో అట్నే నిలబడుకుంటి.

బాటిలు మూత తీసి
అందరి ముందరా తాగితి.