డెబ్బై ఒకటో మెడ

ఎర్రగుంట్ల బండల సంఘంలో
పద్దెనిమిదేళ్లుగా మినిట్సు రాసేది నేనే.
ప్రతి తీర్మానం కిందా
చెయ్యి దానంతటదే రాసుకుపోయే మాట ఒకటుంది:
ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.
గ్రీవమంటే మెడ అని బళ్లో చదువుకున్నదే.
కానీ ఇంతమందికీ కలిపి ఒకటే మెడ
ఎట్లుంటుందో
ఎన్నడూ మనసులో బొమ్మ కట్టలేదు,

మొన్న బేస్తవారం దాకా.

మూడో నంబరు గుంతను
పాలిష్ మిషన్ల బురద పోసుకునేదానికి
ఫ్యాక్టరీ వాళ్లకు ఇచ్చేయాలని తీర్మానం.
డెబ్బయి చేతులు లేచినాయి.
రాతిపొడికి తెల్లబడిన చేతులు,
రెండు వేళ్లు లేని దస్తగిరి చెయ్యితో సహా.
ఖాసింబీ చేతులు మాత్రం
ఒళ్లోని టిఫిను డబ్బా మీదనే ఉన్నాయి.

"ఏమ్మే, నిద్రపోతాండావా?" అన్యాడు ప్రెసిడెంటు.
అందరూ నవ్వినారు.
"లేదు నాయనా, మేలుకోనే ఉండా."

కడప నుంచి వచ్చిన ఆడిటరు
కళ్లజోడు నుదుటి మీదికి తోసి
"డిసెంట్ అని రాయండి" అన్నాడు,
కాఫీలోకి ఇంకొంచెం చక్కెర అడిగినంత తేలిగ్గా.

దానికి తెలుగు నాకు దొరకలే.
పేచీ అందామా, ఆమె గొంతే పెంచలేదే.
తగాదా అనేదానికి ఎదుట మనిషి లేడు.
ససేమిరా అసలే కాదు,
నాలుగక్షరాలు ఆమె ఎక్కడ ఖర్చు పెట్టింది?
రాత్రి మా పాప కాలేజీ డిక్షనరీ అటక మీద నుంచి దించినా.
చిన్నక్షరాల్లో, ఎవరూ చదవని చోట
రాసి ఉంది ఆ మాట పుట్టుక.
లాటిన్‌లో రెండు ముక్కలు:
డిస్ అంటే ఎడంగా,
సెంటిరే అంటే తోచడం, అనిపించడం.

అంతేనా?
ఎడంగా తోచడం.
కత్తి లేదు అందులో, జెండా లేదు,
ఎదురు తిరగడం కూడా లేదు.
అదే కడుపున పుట్టిన ఇంకో బిడ్డ
కన్సెంట్. కలిసి తోచడం.
ఈ డెబ్బయి మందికీ నిజంగా కలిసే తోచిందా
పక్కోడి చెయ్యి చూసి చెయ్యి లేచిందా,
ఆ కాలమ్ నా బుక్కులో లేదు.

నిద్ర పట్టక మన మాటను కూడా తిరగేసినా.
అభ్యంతరం.
సంస్కృతంలో దానికి మొదటి అర్థం, లోపలిది.
ఎప్పుడు గడప దాటి
దోవకు అడ్డమొచ్చి నిలబడిందో గానీ
పుట్టినప్పుడు ఇంటి లోపలే ఉండేది.

తెల్లారి రిజిస్టరు చంకన పెట్టుకుని పోయినా.
ఆమె ఒక నాపరాయికి అంచు కొడుతోంది.
ఆ రాయి ఎక్కడ చీలాలో
లోపల ముందే గీసుకుని ఉంటుంది,
ఉలి పెట్టేవాళ్లు కనుక్కుంటారంతే.

"కారణం రాయాల. చెప్పు."
"గుంతలో నీళ్లుండాయి కదప్పా."
"వాడుకుంటావా?"
"లేదు. ఉప్పునీళ్లు."
"మీ ఆయన ఆడనే కదా..."
"ఆయప్ప జొరమొచ్చి ఆస్పత్రిలో పోయినాడు. దానికీ దీనికీ ఏం లేదు."
"మరి?"
ఉలి ఆపింది. శానా సేపు ఆపింది.
"నాకట్ల తోచలే. అంతే."

డిక్షనరీ ఎన్నడూ ముట్టని మనిషి
రెండు ముక్కలూ అతికించి నా చేతిలో పెట్టింది.

తీర్మానం నెగ్గింది. సోమవారం నుంచి ట్యాంకర్లు.
నేను మాత్రం పాత మాట కొట్టేసి రాసినా:
డెబ్బయి మందికి ఇట్ల తోచినది.
ఖాసింబీకి ఎడంగా తోచినది.
ప్రెసిడెంటు చదివి, ఇదేం భాషప్పా అని
సంతకం పెట్టేసినాడు.

ఇంటికొస్తా ఉంటే గుర్తొచ్చింది.
ఇన్నేళ్లలో నన్నెవరూ లెక్కపెట్టలేదు.
చేతిలో పెన్ను ఉంటుంది గదా,
ఎత్తే పని పడలేదు.
రైల్వే గేటు కాడ సిమెంటు బండి పోయేదాకా నిలబడి
ఎందుకో
మెడ తడుముకున్నా.