వాయిదాకి గంటా పది నిమిషాలు

హైదరాబాదు నుంచి విశాఖపట్నానికి
ఆకాశంలో ఐదు వందల కిలోమీటర్లు,
గంటా పది నిమిషాలు.
టికెట్టు మీద అలాగే ఉంటుంది, నేను కాదనను.

దానికి ముందు రామంతాపూర్‌లో మూడింటికి అలారం,
ఉప్పల్ దగ్గర పుష్పక్ బస్సు,
ఔటర్ మీద ఇంకా ఆర్పని దీపాలు,
శంషాబాద్‌లో గాజులతో పాటు ట్రేలో పెట్టిన కోర్టు ఫైలు
ఎక్స్‌రే యంత్రంలోంచి
ఏమీ దొరక్కుండా బయటికొస్తుంది.

పెళ్ళి అక్కడ జరిగింది కనక కేసు అక్కడ.
ఇద్దరం ఉండేది ఇక్కడే.
"మార్పించుకోవచ్చమ్మా, ఒక్క కాగితం పెడితే చాలు,"
లాయరు జగ్గారావు గారు మొదట్లోనే అన్నారు.
ఆ కాగితం ఎవరు ముందు పెట్టాలన్నది
మూడేళ్ళుగా తేలలేదు.

రామంతాపూర్ నుంచి నిజాంపేటకి పాతిక కిలోమీటర్లు.
అమీర్‌పేటలో ఒక్కసారి మెట్రో మారితే
గంట, గంటంబావు.
ఆ గంట మాత్రం ఎవరమూ ప్రయాణించలేదు.

కాబట్టి నెలకోసారి ఒకే విమానం.
నేను ఏడో వరుస, కిటికీ.
అతను పంతొమ్మిది, నడవ పక్కన.
ఎక్కేటప్పుడు నన్ను దాటే పోవాలి.
పై అరలో నా సంచి సరిగ్గా ఉందో లేదో
చూసినట్టు చూసి, పోతాడు.

కోర్టులో మా పేర్లు పిలిచి
మళ్ళీ తేదీ చెప్పడానికి రెండు నిమిషాలు.
జడ్జిగారు సెలవైతే అదీ లేదు, గుమాస్తా చాలు.
ఆ రెండు నిమిషాలూ పక్కపక్కనే నిలబడతాం.
అతని చొక్కా ఇస్త్రీ ఎవరు చేస్తున్నారో
కాలరు చూస్తే తెలిసిపోతుంది.
ఎవరూ చేయట్లేదు.

మొన్న జులైలో, తిరుగు ప్రయాణం.
హైదరాబాదు మీద వాన.
దిగడానికి వీల్లేదన్నాడు పైలట్,
విమానం గిరికీలు కొట్టడం మొదలెట్టింది.
మబ్బు చిరిగినచోట హుస్సేన్‌సాగర్
చప్పరించి వదిలేసిన బిళ్ళంత.
దానికి ఇటు మా డాబా ఉండాలి,
అటెక్కడో అతని అపార్టుమెంటు.
అంత ఎత్తు నుంచి రెంటినీ
ఒక్క బొటనవేలితో మూసెయ్యచ్చు.
మూసి చూశాను.

మూడో చుట్టుకి ఎడమ చెవి దిబ్బడ వేసింది.
ఎప్పుడూ అదే చెవి.

వెనకనుంచి ఎవరో భుజం తట్టారు.
ఎనిమిదో వరుస పెద్దాయన పిడికిలి విప్పితే
కాగితంలో చుట్టిన అల్లం మురబ్బా.
"వెనకనించి పంపారమ్మా."
ఒకప్పుడు కిక్కిరిసిన సిటీబస్సులో
కండక్టరుకి టికెట్టు చిల్లర అందించినట్టు
పదకొండు వరుసల చేతులు మారి వచ్చింది,
ఎవరిదని ఎవరూ అడక్కుండా,
అందరి చేతివేడికీ కాస్త మెత్తబడి.

నేను వెనక్కి తిరగలేదు.
నోట్లో వేసుకున్నాను.
ఘాటు చెవిదాకా పాకి
టప్పున తెరుచుకుంది.
మొదట వినపడింది పైలట్ క్షమాపణ,
నలభై నిమిషాల ఆలస్యానికి.

బయట అతను కనపడలేదు.
గొడుగు తెచ్చుకునే మనిషి కాదు,
తడుస్తూనే బస్సుకి పోయుంటాడు.
నా దగ్గర ఉంది గొడుగు.
నేనూ విప్పలేదు.

వాయిదా వచ్చే నెల పద్నాలుగు.
టికెట్ల కుర్రాడు షరీఫ్ ఫోన్ చేశాడు,
"ఏడో వరుస కిటికీయే కదా మేడమ్?"
పదమూడో వరుస ఉంటుందా బాబూ, అన్నాను.
కొన్ని విమానాల్లో ఆ నంబరు పెట్టరట,
చూసి చెప్తానన్నాడు.