గ్రేడు మూడు

టంగుటూరు షెడ్లలో ఇరవై రెండేళ్లు
పొగాకు ఏరిన చేతులు నావి.
కళ్లు మూసుకొని చెప్తా,
ఇది కిందాకు, ఇది నడిమాకు,
ఇది ఎండదెబ్బ తిన్నది,
ఇది చూపుకే బంగారం, లోపలంతా పచ్చి.

అట్టాంటి వేళ్లకి
ఎడమ రొమ్ములో బఠాణీ గింజ తగిలితే
తెలవక కాదు,
సీజను అయిపోనీలే అని
నేనే పక్కకి నెట్టా.

ఒంగోల్లో డాక్టరమ్మ కాగితం తిప్పి
గ్రేడు మూడు అంది.
మా కాడ మూడో రకానిక్కూడా
ఏదో ఒక రేటు పలుకుద్దమ్మా, అన్నా.
ఆమె నవ్వలా.
మూడు పరీక్షలూ నెగటివే అంది.
కరోనా ఏడు నెగటివ్ వచ్చిందని
పావుకిలో జిలేబీ తెచ్చుకున్నోళ్లం.
మంచిదే గదా, అన్నా.
కాదు సలోమీ, అంది.
ఆ తర్వాత పెదాలు కదిలినయ్ గానీ
మాట అద్దానికి అవతలే ఆగిపోయింది.

తొందరగా పెరిగే రకం.
ఆ తొందర అన్న మాటొక్కటే
నాతోపాటు బస్సెక్కింది.
వల్లూరు స్టేజీ కాడ సీటు ఖాళీ అయితే
నాకంటే ముందు అది కూచుంది.

ఆ రాత్రి యేసోబు
ఎప్పుడో చెడిపోయిన ఫ్యాను రెగ్యులేటరు
విప్పి ముందేసుకున్నాడు.
తెల్లారిందాకా బిగించలా.

ధైర్యంగా ఉండు అన్న ప్రతివాళ్లూ
నేను ధైర్యంగా కనపడిందాకా
కుర్చీలోంచి లేవలా.
వాళ్ల కోసం టీ పెట్టి,
వాళ్ల కోసం రెండు నవ్వులు నవ్వి,
గేటు దాకా పోయి సాగనంపి
వచ్చి గోడకి ఆనుకునేదాన్ని.

కోపం ఉంది. ఎవురి మీదో తెలీదు.
ఈ ఆకు వల్లేనా అనడిగా.
అవునని చెప్పలేం అంది డాక్టరమ్మ,
కాదని కూడా అనలా.

మందు ఎక్కించని వారం షెడ్డుకే పోతా.
కూలి కోసమొక్కటే గాదు.
ఆడ ఘాటుకి అందరి కళ్లూ కారతయ్,
అందరూ దగ్గుతారు,
ఏమైందని ఎవురూ ఎవుర్నీ అడగరు.
ఏడవడానికి ఊళ్లో
అంతకంటే మంచి చోటు నాకు దొరకలా.

మస్తానమ్మ ఒక్కతే కనిపెట్టింది.
ఏమే, నీ కట్ట తడిగా ఉందే.
తడి ఆకు బేలులో పడితే
అదొక్కటే పోదు,
బేలంతా బూజెత్తుద్ది, ఆరబెట్టుకో, అంది.
ఎట్టా ఆరబెట్టాలో చెప్పలా.
నా ముందున్న ఆకు కొంగుతో ఒత్తి
తన గుట్టలో కలిపేసుకుంది.

బ్లెస్సీకి రెండేళ్లు దాటినా పాలు మానకపోతే
నేను వేపాకు నూరలా.
షెడ్డు నుంచొచ్చి, చేతులు కడక్కుండా
ఒక్కసారి తాకానంతే.
చేదుకి మొహం తిప్పుకుంది పిల్ల,
మళ్లీ అడగలా.
ఇప్పుడు కందుకూరులో డిగ్రీ చదివే ఆ పిల్ల
నా గుండుకి తువ్వాలు చుడతది,
నోటి పుండ్లకి మజ్జిగ చల్లారుస్తది,
మెడ కిందికి మాత్రం
దాని చూపు దిగదు.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
చీకట్లో అడిగింది, ఏ పక్కనమ్మా?
దాని చెయ్యి పట్టుకొని పెట్టా.
గట్టిగా ఉందే.
మొదట్లో ఇంకా గట్టి.
తగ్గినట్టేనా?
చెప్పలేకపోయా.
ఇన్నేళ్లు ఇన్ని లక్షల ఆకులకి
రకం కట్టిన వేళ్లు
దీని కాడ మాత్రం నోరు తెరవవు.
భయంగా ఉంది బ్లెస్సీ, అన్నా.
ఆ మాట బయటికి అనడం అదే మొదలు.
నాక్కూడా, అంది.
కరెంటొచ్చినా చెయ్యి తియ్యలా.

సోమారం నాలుగోసారి ఎర్రమందు.
ఆరున్నర బస్సు.
డబ్బాలో పెరుగన్నం చాలు,
పచ్చడి వద్దు, నోరు మండుద్ది.
కిటికీ పక్క సీటు నాదే అని
ఇప్పుడే చెప్పింది బ్లెస్సీ.